అందరూ లోలాకులే చూస్తే పుస్తకం ఎవరు చూస్తారు?

ప్రశ్న: పదేళ్ళుగా బ్యాగులు, బెల్టులు, చెవి లోలాకులు డిజైన్ చేస్తున్నాను. ఆ పని గురించి రాసిన నా మొదటి పుస్తకం ఇప్పుడు ప్రెస్సులో ఉంది. 160 పేజీలు, నిండా ఫొటోలు, స్కెచ్చులు. ఇంకో ఏడు వారాల్లో ఆవిష్కరణ పెట్టుకుందామని అనుకుంటున్నాం. వంద మంది పట్టే హాలు కూడా చూశాం. అక్కడి నుంచి ఇంట్లో తలో మాట మొదలైంది. ర్యాంప్ వాక్ పెట్టాల్సిందే అంటాడు తమ్ముడు. పేరున్నవాళ్ళు నలుగురిని స్టేజీ ఎక్కించకపోతే ఎవరూ రారంటారు మా ఆయన. ఎలాగూ జనం వస్తారు కదా, బ్యాగులు కూడా అమ్మేయమంటుంది నా స్నేహితురాలు. నాకేమో మైకు పట్టుకుంటే చేతులు వణుకుతాయి. తక్కువ ఖర్చులో, నవ్వులపాలు కాకుండా ఇది ఎలా జరిపించాలి? చివరగా ఒక చిన్న ప్రశ్న. ఆ రోజు నేను ఏం పెట్టుకోవాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీ ముగ్గురు సలహాదారుల సంగతి తర్వాత చూద్దాం. ముందు నేను చేసిన ఒక పొరపాటు చెప్తాను. మీరు సరిగ్గా ఆ దారిలోనే వెళ్తున్నట్టున్నారు.

కొన్నేళ్ళ కిందట ఒక స్నేహితురాలి నగల డిజైన్ పుస్తకం ఆవిష్కరణ పని నెత్తిన వేసుకున్నాను. హాలు పొడుగునా బల్లలు, వాటి మీద నల్ల గుడ్డ, పైన లైట్లు, ఆమె చేసిన నగలు యాభైకి పైగా. జనం బాగానే వచ్చారు. ప్రతి బల్ల దగ్గరా గుంపులు, ఫోన్లు, 'అబ్బ' అనడాలు. నేను పొంగిపోయాను. అంతా అయ్యాక సామాను సర్దుతుంటే బల్ల కింద పుస్తకాల కట్టలు కనిపించాయి. సగం కట్టలకి పురికొస కూడా తెగలేదు. అంతకు కాసేపటి ముందే ఒకావిడ పుస్తకం చేతిలో పట్టుకుని నన్నే అడిగింది, "ఈ క్యాటలాగు ఫ్రీయేనా అండీ?" అని. ఆవిడని తప్పు పట్టడానికి లేదు. మేం పెట్టిన తీరు చూస్తే ఎవరైనా అలాగే అడుగుతారు.

నవలకో కథల పుస్తకానికో ఈ బాధ ఉండదు. అక్కడ చూడ్డానికి పుస్తకం తప్ప ఇంకేమీ ఉండదు. మీ పుస్తకానికి మాత్రం పోటీ మీ బ్యాగులతోనే. పక్కన తళతళలాడే లోలాకు వేలాడుతుంటే అచ్చు కాగితం వైపు ఎవరి చూపూ పోదు. కాబట్టి ఆ రోజు ఏ ఏర్పాటు చేసినా ఒక్క ప్రశ్న వేసుకోండి: దీన్ని చూసిన మనిషి పుస్తకం తెరుస్తాడా, లేదా?

ఇలా చూస్తే ర్యాంప్ వాక్ ఈ ప్రశ్న దగ్గరే పడిపోతుంది. తమ్ముడికి ఈ లెక్క చూపించండి. మూడు సెంటీమీటర్ల లోలాకు ఆరు మీటర్ల దూరంలో ఉంటే, మన చేతిలో అరవై సెంటీమీటర్ల దూరాన మూడు మిల్లీమీటర్ల వస్తువు ఎంత కనిపిస్తుందో అంతే కనిపిస్తుంది. అంటే నువ్వు గింజంత. రెండో వరసలో కూర్చున్నవాళ్ళకి నడిచే అమ్మాయి కనిపిస్తుంది, చీరో గౌనో కనిపిస్తుంది, మీ పదేళ్ళ పని కనిపించదు. ర్యాంపు బట్టలకి పుట్టింది. చిన్న వస్తువుని చేతిలో పెట్టుకుని, తిప్పి, వెనక కొక్కెం ఎలా ఉందో చూస్తేనే తెలుస్తుంది.

అందుకని బల్లలే పెట్టండి, కానీ నాలాగా కాదు. మొత్తం మీద పన్నెండు వస్తువులు దాటనివ్వకండి. మిగతావి ఇంట్లోనే ఉండనివ్వండి, వాటి కోసమే కదా పుస్తకం ఉంది. ఒక్కో వస్తువు పక్కన పుస్తకం కాపీ ఒకటి, ఆ వస్తువు ఉన్న పేజీ దగ్గర తెరిచి పెట్టండి. కార్డు మీద వస్తువు పేరు కన్నా ముందు పేజీ నంబరు ఉండాలి, పెద్ద అక్షరాల్లో. '47వ పేజీ' అని ఉంటే మనిషి చెయ్యి తనకి తెలీకుండానే పుస్తకం మీదికి పోతుంది. ఇలా తెరిచిపెట్టే కాపీలు ఆ రోజుతో నలిగిపోతాయి. వాటిని అమ్మకం లెక్కలోంచి ముందే తీసేయండి.

పన్నెండులో రెండు మూడింటికి పూర్తయిన వస్తువు ఒక్కటే కాకుండా దాని వెనకున్న ప్రయాణం కూడా పెట్టండి. తొలి పెన్సిల్ స్కెచ్చు, కాగితం అట్టతో చేసిన నమూనా, కుట్టు సగంలో ఆగిన ముక్క, చివరికి బ్యాగు. పాడైపోయినది ఒకటి ఉంటే మరీ మంచిది. పిడి ఊడిపోయిన మొదటి బ్యాగు దాచి ఉంచారా? ఉంచే ఉంటారు, ఈ పని చేసేవాళ్ళెవరూ అలాంటివి పారేయరు. అది పెట్టి, 'ఎందుకు ఊడింది? 62వ పేజీ' అని రాయండి. ఇక ఆ పేజీ చూడకుండా వెళ్ళిపోయేవాళ్ళు తక్కువ.

చేత్తో చేసి చూపించడం కూడా ఒకటి పెట్టుకోవచ్చు, ఒకే ఒకటి. తోలు కుట్టు అయితే నా ఓటు దానికే. సుత్తి మోత ఉండదు, వాసన ఉండదు, చిన్న బల్ల చాలు. మైనం పట్టించిన ఒక దారం, దాని రెండు కొసలకీ రెండు సూదులు. ముందే పొడిచిన ఒకే రంధ్రంలోంచి ఒక సూది ఇటు నుంచి, ఇంకోటి అటు నుంచి దూరతాయి. ఆపైన రెండు చేతులూ పక్కలకి చాచి లాగితే కుట్టు బిగుసుకుంటుంది. మిషను కుట్టులో పై దారం, కింది దారం ఒకదాన్నొకటి మెలేసుకుని ఉంటాయి కాబట్టి ఒకటి తెగితే పక్కవి వదులవుతాయి. ఈ చేతి కుట్టులో ఒక చోట తెగినా మిగతాది పట్టుకునే ఉంటుంది. ఈ రెండు ముక్కలు చెప్పి, పక్కవాళ్ళ చేతికి సూదులిచ్చి రెండు కుట్లు వేయించండి. చాలామంది మొదటి కుట్టులోనే ఒక సూదితో రెండో సూది వైపు దారాన్ని గుచ్చేస్తారు. నవ్వుతారు, మళ్ళీ వేస్తారు, ఇది ఏ పేజీలో ఉందని అడుగుతారు. దీన్ని శాడిల్ స్టిచ్ అంటారని మీకు నేను చెప్పక్కర్లేదు. తమాషా ఏమిటంటే, పుస్తకాల బైండింగులో కూడా శాడిల్ స్టిచ్ అనే పేరుంది. కాకపోతే అక్కడ మామూలుగా కనిపించేది మడత మీద కొట్టే పిన్ను!

ఆ కుట్టి చూపించే మనిషి మీరు కాకపోతే బాగుంటుంది. మీ దగ్గర కుట్టేవాళ్ళు, పూసలు గుచ్చేవాళ్ళు, లోహం మలిచేవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళని పనికి పిలిచినట్టు కాకుండా అతిథులుగా పిలవండి. కుర్చీలు ముందు వరసలో వేయించండి. పుస్తకంలో వాళ్ళ పేర్లు వేశారు కదా? వేయకపోతే ప్రెస్సుకి ఇప్పుడే ఫోన్ చేయండి. ఆ పేజీ ఇంకా అచ్చు కాకపోయి ఉండొచ్చు.

ప్రెస్సు అన్నాను కాబట్టి తేదీ సంగతి. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది మైకు కాదు, 'ప్రెస్సులో ఉంది' అన్న మాట. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పుస్తకం చేతికి రాకుండా ఆహ్వానాలు పంచేసినవాళ్ళని చాలామందిని చూశాను. రంగుల పుస్తకంలో అచ్చు ఒక్కటే కాదు పని. సిరా ఎక్కువ పడిన ఆర్ట్ పేపరు ఆరాలి, ఫారాలు, అంటే కొన్ని పేజీలు కలిపి అచ్చయ్యే పెద్ద కాగితాలు, మడవాలి, కుట్టాలి, గట్టి అట్ట అయితే అతికించాక బరువు కింద పెట్టి ఆరనివ్వాలి. తొందరపెడితే ఆ అట్ట మీ ఆవిష్కరణ రోజునే అప్పడంలా వంగుతుంది. కాపీలన్నీ కార్యక్రమానికి కనీసం రెండు వారాల ముందు మీ ఇంట్లో ఉండాలి. ప్రెస్సువాళ్ళు ఆ తేదీ రాతపూర్వకంగా ఇచ్చేదాకా హాలుకి అడ్వాన్సు కట్టకండి. ఇవ్వలేమంటే ఆవిష్కరణని మూడు వారాలు వాయిదా వేయండి. వాయిదా వేస్తే ఎవరూ ఏమీ అనుకోరు. పుస్తకం లేని ఆవిష్కరణని మాత్రం ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు.

కాపీలు వచ్చాక వేర్వేరు కట్టల్లోంచి ఒక పది తీసి ప్రతి పేజీ తిప్పండి. 160 పేజీలంటే 16 పేజీల ఫారాలు పది. ఒక ఫారం తలకిందులుగా కుట్టి ఉండటం, ఒకటి రెండుసార్లు వచ్చి ఇంకోటి లేకపోవడం ఏ ప్రెస్సులోనైనా జరిగేవే. అలాంటి కాపీ అతిథి చేతిలో పడకముందే మీ చేతిలో పడాలి.

లైట్ల మీద కొంచెం ఖర్చు పెట్టండి. మిగతా వాటిలో తగ్గించుకున్నా సరే, ఇక్కడ వద్దు. కారణం ఉంది. వస్తువునీ పేజీలో ఫొటోనీ పక్కపక్కనే పెడుతున్నారు. మామూలు నాలుగు రంగుల అచ్చులో ఇత్తడి మెరుపు, ముత్యం మీది ఇంద్రధనస్సు ఎలాగూ రావు. దానికి తోడు హాల్లో ఉండే చౌక ట్యూబుల కింద తోలు ఎరుపు మట్టి రంగులోకి తిరుగుతుంది. అప్పుడు చూసేవాళ్ళు లైటుని అనుమానించరు, మీ పుస్తకంలో రంగులు తప్పాయనుకుంటారు. లైట్లు అద్దెకిచ్చేవాళ్ళని 'సీఆర్‌ఐ 90 పైన ఉన్నవి' అని అడగండి. రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె అది, గరిష్ఠం 100. లైటు నెత్తి మీద నిట్టనిలువుగా ఉంటే చూసేవాళ్ళ తల నీడ బల్ల మీద పడుతుంది, ఎదురుగా ఉంటే నున్నటి పేజీ అద్దంలా మెరిసి అక్షరం కనిపించదు. కొంచెం వాలుగా, పక్క నుంచి పడేలా చూసుకోండి. ముందు రోజు సాయంత్రం ఒక పుస్తకం, ఒక బ్యాగు పట్టుకెళ్ళి అక్కడే నిలబడి చూడండి. అలాగే మామూలు భోజనాల బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు ఉంటుంది. నిలబడి చూసేవాళ్ళకి అది నడుం నొప్పి. కాళ్ళ కింద దిమ్మలేసి మీటరుకి దగ్గరగా లేపితే జనం ఇంకో నిమిషం ఎక్కువ నిలబడతారు.

చిన్న వస్తువులతో ఇంకో తలనొప్పి ఉంది, పోతాయి. దొంగలని కాదు, జనంలో చేతులు మారి మారి ఎక్కడో జారిపోతాయి. లోలాకులు జతలో ఒక్కటే పెట్టండి, రెండోది ఇంట్లో ఉంచండి. ఒంటి లోలాకు ఎవరికీ పనికిరాదు, చూడ్డానికి మాత్రం ఒక్కటి చాలు. వాటిని చెవులకి పెట్టుకుని చూడనివ్వకండి, శుభ్రత సంగతి మీకు తెలుసు. చెవి పక్కన పట్టుకుని చూసుకోడానికి చిన్న అద్దం ఇవ్వండి. బెల్టులు, బ్యాగులు, స్కార్ఫులు ఎవరైనా వేసుకోవచ్చు. వెండి ముక్కలు ఏవైనా ఉంటే రబ్బరు బ్యాండుతో కట్టకండి, ఉన్ని గుడ్డ మీద పరవకండి. రెండింట్లోనూ గంధకం ఉంటుంది, వెండిని నల్లబరుస్తుంది. నేను ఒకసారి రాత్రంతా రబ్బరు బ్యాండ్లు వేసి ఉంచి, పొద్దున్నే కూర్చుని రుద్దుకున్నాను. తినేవి, తాగేవి హాలు రెండో చివర, ఈ బల్లలకి దూరంగా ఉండాలి. జిడ్డు చేతులకి తోలు ఒకటే కాదు, కాగితం కూడా లోకువే.

ఇప్పుడు మీవారి నలుగురు పెద్దమనుషులు. ఒక్కరిని పిలవండి, పుస్తకం చదివి వచ్చేవాళ్ళని. పేరు ఎంత పెద్దదైనా చదవని మనిషి మైకు పట్టుకుంటే మిమ్మల్ని పొగుడుతారు, ఆ తర్వాత తమ చిన్నతనం చెప్తారు, అరగంట పోతుంది. నెల ముందే కాపీయో, అది రాకపోతే ప్రూఫులో పంపండి. ఉపన్యాసం వద్దు, మిమ్మల్ని నాలుగు ప్రశ్నలు అడగమనండి. మొత్తం కార్యక్రమం గంటన్నర. అందులో అందరూ కూర్చుని వినాల్సింది అరగంట దాటకూడదు. మిగతా గంటా బల్లల దగ్గర. కుర్చీలు వంద పట్టే హాలైనా అరవై వేయించండి, మిగతావి వెనక మడిచి ఉంచండి. ఖాళీ కుర్చీలు కనిపించే హాల్లో ఎంత మంది ఉన్నా రానట్టే ఉంటుంది. వస్తామన్నవాళ్ళకి రెండు రోజుల ముందు మళ్ళీ ఒక మెసేజ్ పెట్టండి. 'చూస్తాను' అన్నవాళ్ళని లెక్కలో వేసుకోకండి.

మైకు టెన్షన్‌కి నాకు తెలిసిన మందు ఒకటే. చేతిలో వస్తువు పట్టుకోవడం. మీ చేతులు పదేళ్ళుగా పట్టుకున్న వస్తువు మళ్ళీ చేతిలో ఉంటే వాటికి వణకడం గుర్తురాదు. అయితే ఒక చేతిలో మైకు, ఒక చేతిలో బ్యాగు ఉంటే పేజీ తిప్పేదెవరు? అందుకని కాలర్ మైకు అడగండి, దొరక్కపోతే స్టాండు మైకు. 'నాకు చిన్నప్పటి నుంచి డిజైన్ అంటే ఇష్టం' అని మొదలుపెట్టకండి. ఏదో ఒక వస్తువు, దానికి వచ్చిన ఒక ఇబ్బంది, అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఈ రంగం చరిత్రంతా అలాంటి ఇబ్బందులే. 18వ శతాబ్దంలో యూరప్ ఆడవాళ్ళు నడుముకి కట్టుకునే జేబు సంచులని వెడల్పాటి పావడాల కింద దాచుకునేవారు. ఆ శతాబ్దం చివరికి ఒంటికి అంటుకున్నట్టుండే పల్చటి గౌన్లు వచ్చేసరికి సంచి దాచే చోటు పోయింది, సంచి చేతిలోకొచ్చింది. చేతి బ్యాగు కథ అక్కడ మలుపు తిరిగింది. ఇటలీలో 1930ల చివర్లో చెప్పుల అడుగున వేసే మంచి ఉక్కు దొరక్కపోతే, చెప్పుల డిజైనర్ సాల్వటోర్ ఫెరగామో కార్క్ బెరడుతో మడమ నింపి, మడమకీ అడుగుకీ మధ్య ఖాళీ లేని వెడ్జ్ చెప్పు చేశాడు. మీ పిడి ఊడిన బ్యాగు కూడా ఆ కోవలోదే. దాన్ని ఎత్తి పట్టుకుని, ఎక్కడ ఊడింది, ఏం మార్చారు అని చెప్పండి. ఎనిమిది నిమిషాలు. అద్దం ముందు కాదు, ఇంట్లో ఎవరికైనా బ్యాగు చూపిస్తూ నాలుగుసార్లు చెప్పి చూసుకోండి.

స్నేహితురాలు చెప్పినట్టు బ్యాగులు అమ్మడం, ఆ రోజు వద్దు. పక్కపక్కనే పెడితే జనం రెండిట్లో ఒకటే కొంటారు, అది పుస్తకం కాదు. ఎవరైనా పట్టుబడితే ఒక నోటుబుక్కులో పేరు, ఫోన్ నంబరు, పేజీ నంబరు రాయించుకోండి, వారం తర్వాత మాట్లాడొచ్చు. ఈ లెక్కన వాళ్ళు వస్తువుని చెప్పాలన్నా పుస్తకం చూసే చెప్పాలి.

సంతకాల దగ్గర ఒక చిన్న జాగ్రత్త. నున్నటి ఆర్ట్ పేపరు మీద చాలా పెన్నులు ఆరవు. సంతకం పెట్టి పుస్తకం మూస్తే ఎదుటి పేజీలో మీ పేరు అద్దంలో చూసినట్టు తిరగబడి అచ్చవుతుంది. నలిగిన కాపీ మీద మూడు నాలుగు రకాల పెన్నులతో రాసి, పది సెకన్లాగి బొటనవేలితో రుద్ది చూడండి. అట్ట లోపలి కాగితం గరుకుది వేయించారేమో అదీ చూడండి, అయితే అక్కడే పెట్టండి. ఒక్కొక్కరికి నిమిషం పట్టినా అరవై మందికి గంట. అందుకని వరసలో ఉన్నవాళ్ళ పేర్లు ముందే చీటీ మీద రాసి, పేజీ తెరిచి అందించడానికి పక్కన ఒకరు ఉండాలి. తమ్ముడికి ఈ పని అప్పగించండి, ర్యాంపు పోయిన బాధ మర్చిపోతాడు. సంతకాల బల్ల గుమ్మానికి అడ్డంగా వేయకండి, వరస బయటిదాకా పోయి వచ్చేవాళ్ళు రాలేరు.

పుస్తకంలోని ఫొటోలు పోస్టరు మీదా బ్యానరు మీదా వేసేముందు వాటిని తీసినవాళ్ళని, అందులో ఉన్న మోడళ్ళని ఒక మాట అడగండి. పుస్తకం కోసం ఇచ్చిన అనుమతి పోస్టరుకి వర్తించకపోవచ్చు.

ఇక మీ చిన్న ప్రశ్న, నాకు బాగా నచ్చిన ప్రశ్న. ఏం పెట్టుకోవాలి? పుస్తకంలో ఉన్నవన్నీ ఒకేసారి వేసుకుని నడిచే షోకేసులా రాకండి. బట్టలు సాదా రంగువి, మీరు చేసినది ఒక్కటే వస్తువు, అదీ మీరు రోజూ వాడి వాడి కొంచెం అరిగినది. అది ఎన్నో పేజీలో ఉందో మాత్రం గుర్తుపెట్టుకుని రండి, గుమ్మంలోనే అడుగుతారు.